యురేనియం వల్లే వచ్చిందా? గాలప్ టీచరుగారి ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మీరు అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో గాలప్ దగ్గర బడిలో లెక్కలు చెబుతున్నారు. మీతో పనిచేసే, నవాహో అనే ఆదివాసీ తెగకు చెందిన టీచరుగారి నాన్నగారికి 78 ఏళ్ళు. కుర్రతనంలో నాలుగేళ్ళు యురేనియం గనిలో పనిచేశారు. పోయిన నెల ఆయనకు మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలింది. ఇది గని వల్లే వచ్చిందా? ఆ కుటుంబానికి మీరేం సాయం చేయగలరు? మన నల్లమలలో కూడా యురేనియం అంటున్నారు, అక్కడి చెంచులకూ ఇదే గతి పడుతుందా? ఈ మూడూ మీ ప్రశ్నలు.

నేను రక్త క్యాన్సర్ల డాక్టర్ని. గుంటూరులో చదివాను. వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేయాలని ఈ ప్రాంతానికి వచ్చి, పద్నాలుగేళ్ళు ఉండిపోయాను. నేను చూసిన పేషెంట్లలో చాలామంది నవాహోలే. వాళ్ళు తమను తాము దినే అంటారు.

మీరు కారణం గురించి ముందు అడిగారు. నేను మాత్రం కిడ్నీల గురించి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఈ వారం సంగతి. మైలోమాలో ఎముకల మూలుగలో ఉండే ఒక రకం కణాలు అదుపు తప్పి పెరిగి, పనికిరాని ప్రోటీన్‌ని రక్తంలోకి వదులుతాయి. అది కిడ్నీల్లో గడ్డకట్టి వాటిని పాడుచేస్తుంది. ఎముకలు గుల్లబారి నొప్పి పెడతాయి. ఆ నొప్పికి అందరూ చేసే పని ఇబుప్రొఫెన్ వేసుకోవడం. మైలోమా ఉన్నవాళ్ళకి ఆ మాత్ర కిడ్నీలకు పెద్ద దెబ్బ. నాప్రాక్సెన్ కూడా అంతే. ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయమనండి. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, ఆయన నీళ్ళు బాగా తాగాలి. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. వెన్నుపూస విరిగి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే గంటలు కూడా విలువైనవే. ట్రీట్‌మెంట్ మొదలయ్యాక 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటి జ్వరం వచ్చినా ఇదే మాట.

కిడ్నీల గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నవాహోల్లో షుగర్ జబ్బు ఎక్కువ. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగితే "షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి" అని రాసేస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు వేరే చోట రెండేళ్ళపాటు అలాగే రాస్తూ వచ్చారు. నడుం నొప్పి వయసు వల్ల అన్నారు, రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆ మూడూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు మైలోమా ప్రోటీన్ రక్తంలో ఉందేమో రెండు పరీక్షలు చేసి చూడాలి: సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరిసిస్, దాంతోపాటు ఫ్రీ లైట్ చైన్స్. అవేమీ అరుదైన పరీక్షలు కావు. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి డయాలిసిస్ దాకా వెళ్ళిపోయారు. అందుకే చెబుతున్నాను, మీ స్నేహితురాలి బంధువుల్లో, ఊళ్ళో ఆ వయసు పెద్దవాళ్ళలో ఎవరికైనా నడుం నొప్పి, రక్తహీనత, కిడ్నీ సమస్య మూడూ కలిసి ఉంటే ఈ పరీక్షల పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. డాక్టర్ని అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు కారణం. మీరున్న చోటికి ఈ చరిత్ర చాలా దగ్గర. 1944 నుంచి 1986 దాకా నవాహో నేల నుంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. 500కు పైగా గనులను అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. గాలప్ పక్కనే ఉన్న చర్చ్ రాక్ దగ్గర 1979 జులై 16న యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు కట్ట తెగింది. 35 కోట్ల లీటర్లకు పైగా ఆమ్లం కలిసిన రేడియోధార్మిక నీళ్ళు, 1,100 టన్నుల వ్యర్థాలు ప్వెర్కో నదిలోకి పోయాయి. మీ ఊరి మధ్య నుంచి పోయే వాగు అదే. అదే ఏడాది మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం ప్రపంచమంతటికీ తెలుసు. చర్చ్ రాక్ గురించి మాత్రం అమెరికాలోనే చాలామందికి తెలియదు. గొర్రెలు కాసుకునే నవాహోల వాగు కాబట్టి ఎవరికీ పట్టలేదని నా అభిప్రాయం. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది గుర్తొస్తే నాకు కోపం తగ్గదు.

అయినా "గని వల్లే మైలోమా వచ్చింది" అని నేను రాసివ్వలేను. ఎందుకో వివరంగా చెబుతాను. గనిలో ప్రధానమైన ప్రమాదం రేడాన్ వాయువు. అది విడిపోయినప్పుడు పుట్టే సన్నని కణాలు పీల్చిన గాలితో పోయి ఊపిరితిత్తుల గోడలకు అంటుకుంటాయి. రేడియేషన్ దెబ్బ ఎక్కువగా అక్కడే పడుతుంది, మూలుగ దాకా చేరేది చాలా తక్కువ. అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో రుజువు ఇంత గట్టిగా ఉంది. 1969 నుంచి 1982 వరకు న్యూ మెక్సికోలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 32 మంది నవాహో మగవాళ్ళను తీసుకుని చూస్తే 23 మంది యురేనియం గనుల్లో పనిచేసినవాళ్ళే. సిగరెట్ అలవాటు తక్కువగా ఉన్న జనం కాబట్టి అది ఇంకా స్పష్టంగా కనపడింది. రక్త క్యాన్సర్ల విషయంలో అంత స్పష్టత లేదు. చెక్ గని కార్మికుల మీద 2006లో వచ్చిన అధ్యయనం రేడాన్‌కీ, లుకేమియా అనే ఇంకో రకం రక్త క్యాన్సర్‌కీ సంబంధం చూపింది. జర్మనీలో ఇంకా పెద్ద సంఖ్యలో కార్మికుల్ని చూసినప్పుడు అది అంత గట్టిగా నిలబడలేదు. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ళలో లుకేమియా పెరిగిందన్నది తిరుగులేని నిజం, మైలోమా విషయంలో అక్కడి లెక్కలు కూడా అంత బలంగా లేవు. ఒంట్లోకి పోయిన యురేనియం అన్నిటికన్నా ముందు దెబ్బతీసేది కిడ్నీలనే, అదీ రేడియేషన్ కన్నా దాని రసాయన గుణం వల్ల ఎక్కువ.

కాబట్టి ఒక్క మనిషి జబ్బుకి ఇదే కారణమని వేలు పెట్టి చూపించడం కుదరదు. కానీ ఆయన పనిచేసిన చరిత్ర అంతా కూర్చుని రాయించాల్సిందే. గనిలో ఏం చేశారు, డ్రిల్లింగా, పేలుళ్ళా, ఖనిజం మోసే లారీనా? తర్వాత పెట్రోలు, ద్రావకాలతో పనిచేశారా? వాటిలో ఉండే బెంజీన్ అక్యూట్ మైలాయిడ్ లుకేమియా తెస్తుందన్నది స్థిరపడ్డ విషయం, ఈ చుట్టుపక్కల చమురు, గ్యాస్ బావుల పని చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ఆయన సైన్యంలో ఉన్నారా, వియత్నాం వెళ్ళారా? ఈ జనాల్లో సైన్యంలో చేరినవాళ్ళ నిష్పత్తి చాలా ఎక్కువ, ఆయన వయసు సరిగ్గా ఆ యుద్ధం నాటిది. ఆ యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం తగిలిన మాజీ సైనికులకు మల్టిపుల్ మైలోమా వస్తే, అది సర్వీసు వల్ల వచ్చినట్టే మాజీ సైనికుల శాఖ ఒప్పుకుంటుంది. మళ్ళీ రుజువు చేయక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగక ఏళ్ళ తరబడి పింఛను పోగొట్టుకున్న కుటుంబాన్ని నేను చూశాను.

పరిహారం చట్టం సంగతి కొంచెం ఓపికగా చదవండి, ఇక్కడే చాలామంది తప్పుతారు. 1990లో వచ్చిన రేడియేషన్ పరిహార చట్టంలో గని కార్మికులకు ఒక జబ్బుల జాబితా, అణుబాంబు పరీక్షల ధూళి గాలికి కొట్టుకొచ్చిన చోట్ల, అంటే గాలివాటున, బతికినవాళ్ళకు ఇంకో జాబితా ఉన్నాయి. గని కార్మికుల జాబితాలో ఉన్నవి ముఖ్యంగా ఊపిరితిత్తుల జబ్బులు. మైలోమా అందులో లేదు. గాలివాటున ఉన్నవాళ్ళ జాబితాలో ఉంది. అంటే "మా నాన్న గని కార్మికుడు" అని దరఖాస్తు పెడితే తిరిగొచ్చేస్తుంది. చట్టం గడువు 2024 జూన్‌లో అయిపోయింది, 2025 జులైలో మళ్ళీ బతికించారు. అప్పుడే న్యూ మెక్సికోను గాలివాటు ప్రాంతాల్లో కొత్తగా చేర్చారు. 1945 జులై 16న మొదటి అణుబాంబును పేల్చి చూసింది ఈ రాష్ట్రంలోనే, అయినా అక్కడివాళ్ళను చట్టంలోకి తీసుకోవడానికి ఇంతకాలం పట్టింది. 1944 సెప్టెంబర్ చివరి నుంచి 1962 నవంబర్ మొదటి వారం లోపల కనీసం ఒక ఏడాది ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తే, జాబితాలోని జబ్బుకి 1 లక్ష డాలర్లు వస్తాయి. ఆయన పుట్టి పెరిగింది ఆ కాలంలోనే. దరఖాస్తుకు ఆఖరి తేదీ 2027 డిసెంబర్ 31. మనిషి పోయాక కుటుంబం కూడా పెట్టుకోవచ్చు, కానీ ఆయన ఉండగా పెట్టడమే మేలు. లాయర్ ఫీజుకి చట్టమే పరిమితి పెట్టింది, ఎవరైనా మూడో వంతు అడిగితే దండం పెట్టి వచ్చేయమనండి.

టీచరుగా మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇక్కడే ఉంది. ఆ కాలంలో పుట్టిన నవాహోలకు చాలామందికి జనన పత్రం ఆలస్యంగా వచ్చింది, అద్దె రసీదులూ కరెంటు బిల్లులూ ఉండవు. ఆ కాలంలో ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పే కాగితం ఏదైనా ఉందంటే చాలాసార్లు అది బడి రికార్డే. బోర్డింగ్ స్కూల్ హాజరు పట్టీ, టీకాల కార్డు, చర్చి బాప్తిస్మ పుస్తకం, గిరిజన జనాభా లెక్క, ఇవన్నీ వెతకాలి. పాత బడి రికార్డులు ఎక్కడ పెట్టారో కనుక్కోవడం బడిలో పనిచేసేవాళ్ళకే తేలిక.

ట్రీట్‌మెంట్ విషయానికి వస్తే, 78 ఏళ్ళకు సాధారణంగా మూలుగ మార్పిడి ప్రస్తావన రాదు. ఎక్కువగా ఇచ్చేది దారాటుముమాబ్ ఇంజెక్షన్, లెనాలిడోమైడ్ క్యాప్సూల్, డెక్సామెథసోన్. ఈ మందులతో చాలామంది ఏళ్ళ తరబడి మామూలుగా తిరుగుతున్నారు, ఆ కుటుంబానికి ఆ మాట చెప్పండి. కానీ లెక్కల టీచరు కదా, ఈ లెక్క చూడండి. ఇంజెక్షన్ మొదటి 8 వారాలు వారానికొకసారి, తర్వాత 16 వారాలు రెండు వారాలకొకసారి, ఆపైన నెలకొకసారి. గాలప్ నుంచి ఆల్బుకెర్కీకి 225 కిలోమీటర్లు. ఆరు నెలల్లో 16 సార్లు వెళ్ళి రావాలి, అంటే 7,200 కిలోమీటర్లు. ఇల్లు గాలప్‌లో కాకుండా ఇంకా లోపల ఉంటే, వాన పడితే బురదలో కూరుకుపోయే మట్టిరోడ్డు దీనికి అదనం. కారు కొడుకుది, ఆ కొడుక్కి ఆరోజు డ్యూటీ. నా పేషెంట్లు మందు పనిచేయక ఆగిపోయిన సందర్భాలకన్నా, దారి భరించలేక ఆగిపోయిన సందర్భాలు ఎక్కువ.

అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి కొన్ని డోసులు తట్టుకున్నాక మిగతావి దగ్గర ఊళ్ళో ఇవ్వగలరా? మధ్యలో చూసే రక్తపరీక్షలు స్థానిక ఇండియన్ హెల్త్ సర్వీస్ (అమెరికా ఆదివాసీల కోసం నడిచే ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో చేసి పంపవచ్చా? మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే రానుపోను బండి ఏర్పాటు వాళ్ళ బాధ్యతే, ముందుగా ఫోన్ చేసి చెప్పాలి. బయట ఆసుపత్రికి రిఫరల్ కాగితం లేకుండా వెళ్తే బిల్లు ఆయన నెత్తిన పడుతుంది. ఎమర్జెన్సీలో వెళ్తే ఇండియన్ హెల్త్ సర్వీస్‌కి 72 గంటల్లోగా తెలియజేయాలి, పెద్ద వయసువాళ్ళకు 30 రోజుల దాకా సమయం ఉంది. రిజర్వేషన్‌కి, అంటే నవాహోలకు కేటాయించిన నేలకి, పడమర వైపు ఉన్నవాళ్ళకు 2019 నుంచి ట్యూబా సిటీలోనే క్యాన్సర్ సెంటర్ ఉంది. అమెరికాలో ఏ ఆదివాసీ రిజర్వేషన్ మీదైనా అలాంటిది అదే మొదటిది. ఊళ్ళోనే కీమో ఎక్కించుకుని సాయంత్రానికి ఇంట్లో అన్నం తినడం ఎంత పెద్ద మార్పో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

లెనాలిడోమైడ్‌తో ఇంకో చిక్కు. దాన్ని ఒకసారికి 28 రోజులకు మించి ఇవ్వరు. ప్రత్యేక ఫార్మసీ నుంచి కొరియర్‌లో వస్తుంది, కొరియర్‌కి ఇంటి చిరునామా కావాలి. చాలా నవాహో ఇళ్ళకు వీధి పేరూ ఇంటి నంబరూ ఉండవు, ఉత్తరాలు పోస్ట్ బాక్స్‌కి వస్తాయి. మందు డబ్బా గోడౌన్‌లో పడి ఉంటుంది, ఆయన మందు లేకుండా ఉంటారు. ఆ డబ్బాను బడి చిరునామాకో, క్లినిక్‌కో రప్పించే ఏర్పాటు మొదటి రోజే చేయించండి. డెక్సామెథసోన్ రోజున షుగర్ బాగా పెరుగుతుంది, షుగర్ మందు ఎలా మార్చుకోవాలో ముందే అడిగి ఉంచుకోవాలి.

ఆయనతో ఎలా మాట్లాడాలన్నది మీరు అడగలేదు, కానీ నేను చెప్పకుండా ఉండలేను. మొదటి ఏడాది నేనొక పెద్దావిడకి, చదువుకున్న పద్ధతిలోనే, జబ్బు ఎలా ముదురుతుందో, ట్రీట్‌మెంట్ లేకపోతే ఎన్నాళ్ళో అన్నీ వివరంగా చెప్పాను. ఆవిడ తల వంచుకుని విన్నది. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు మనవడు వచ్చి, "మీరు ఆమెకు చావుని కోరారని అనుకుంది" అన్నాడు. నవాహోల నమ్మకంలో మాటకు జరిగించే శక్తి ఉంటుంది. చెడు మాట నోట వస్తే ఆ చెడు నడిచి వస్తుంది. ఆ రాత్రి మా నాయనమ్మ గుర్తొచ్చింది. "అశుభం పలక్కురా, తథాస్తు దేవతలుంటారు" అనేది ఎప్పుడూ. అదే మాట నా ఇంట్లో విని పెరిగి, ఇక్కడ అర్థం చేసుకోలేకపోయాను. ఆ తర్వాత పద్ధతి మార్చాను. "ఇలాంటి జబ్బు ఉన్న ఒకాయన ఉండేవారు, మందు వేసుకోకపోతే ఆయనకు కాళ్ళు పడిపోయాయి, వేసుకున్నాక మళ్ళీ గొర్రెల వెంట నడిచారు" అని మూడో మనిషి మీద పెట్టి చెబుతాను. ముందుగా "ఈ విషయాలు ఎంతవరకు చెప్పమంటారు, ఎవరికి చెప్పమంటారు" అని అడుగుతాను. క్యాన్సర్‌కి నవాహో భాషలో వాడే మాటకు అర్థం "మానని పుండు". పేరులోనే మానదని ఉంటే, మందు తీసుకోమని ఒప్పించడం ఎంత కష్టమో ఆలోచించండి. వీలైతే ఆసుపత్రి దుబాసీని పెట్టించండి. కూతురి చేత తండ్రికి ఆ మాట చెప్పించొద్దు.

వాళ్ళ క్రతువులకు అడ్డు చెప్పొద్దు. కొన్ని రాత్రుల తరబడి సాగేవి ఉన్నాయి, ఇంజెక్షన్ తేదీని రెండు రోజులు అటూఇటూ జరపడం మాకు సాధ్యమే, ముందు చెబితే చాలు. చెమట పట్టించే స్నానశాల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒంట్లో నీరు పోతే మైలోమా కిడ్నీలు తట్టుకోవు. వేర్లు, మూలికలు ఏం తీసుకుంటున్నారో తిట్టకుండా అడిగితే చెబుతారు.

మీ బడి పిల్లల కోసం ఒక మాట. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో, ఆదివాసీ అమెరికన్ల వంశ మూలాలు ఉన్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని 2011లో తేలింది. అదే అధ్యయనంలో కీమోను ఇంకో దశ పెంచితే ఆ తేడా పోతుందని కూడా తేలింది. అంటే తలరాత అనుకుని వదిలేయాల్సిన పని లేదు, సరైన ట్రీట్‌మెంట్ పూర్తిగా అందాలి. వారాల తరబడి తగ్గని జ్వరం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు, తెల్లబోయిన ముఖం కనిపిస్తే ఒక్క బ్లడ్ కౌంట్ చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి.

నీళ్ళ సంగతి: మీ ఇంటి కుళాయికి వచ్చే ఊరి నీళ్ళకు పరీక్షలు జరుగుతాయి. భయమంతా పశువుల కోసం తవ్విన పాత బావులతో. ఇంటికి కుళాయి లేని కుటుంబాలు ఆ నీళ్ళే డ్రమ్ముల్లో తెచ్చుకుంటాయి. నవాహో తల్లులూ బిడ్డలపై 2010 నుంచి జరుగుతున్న పెద్ద అధ్యయనంలో 26 శాతం స్త్రీల మూత్రంలో యురేనియం, అమెరికా మొత్తంలో పై 5 శాతం మందిలో కనిపించే స్థాయిని కూడా దాటింది. గనులు మూసి అప్పటికే పాతికేళ్ళు. నీళ్ళు మరిగిస్తే యురేనియం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

నల్లమల గురించి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు 2019లో అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనం లేచారు, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అక్కడ తవ్వకం మొదలుకాలేదు కాబట్టి చెంచులకు యురేనియం గని జబ్బులు వస్తున్నాయనడం తొందరపాటు. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తోంది, టైలింగ్ పాండ్ (గని వ్యర్థాల చెరువు) పక్క ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. నవాహోల దగ్గర ప్రభుత్వ ఆరోగ్య శాఖే 1950 నుంచి గని కార్మికుల్ని పరీక్షిస్తూ, ప్రమాదం సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు. తవ్వకముందు ఆ ఊళ్ళ నీళ్ళు, కిడ్నీలు, రక్తం ఎలా ఉన్నాయో రాసిపెట్టినవాళ్ళు లేరు. అందుకే ఇప్పుడు ఏ జబ్బు దేనివల్లో తేల్చలేకపోతున్నాం. మన దగ్గర ఎక్కడ గని మాట వచ్చినా, మొదటి డ్రిల్లు దిగకముందే ఊరి బావి నీళ్ళ పరీక్ష కాగితం ఊరివాళ్ళ చేతిలో ఉండాలి. ఆ పని కోసం పోరాడేవాళ్ళకు ఈ సంగతి చేరవేయండి.

ఇక నాన్నగారి విషయం: క్రియాటినిన్, క్యాల్షియం, హిమోగ్లోబిన్, ఫ్రీ లైట్ చైన్స్, ఈ నాలుగు అంకెలూ పేరు లేకుండా ఇక్కడ పెట్టండి. ఆయనా, కూతురూ సరే అంటేనే. మొదటి ఇంజెక్షన్ తేదీ ఇంకా ఇవ్వకపోతే అది కూడా రాయండి, వచ్చే అపాయింట్‌మెంట్‌లో ఏం అడగాలో చూసి చెబుతాను.